గేటుకు నలభై రెండు వేలు, బాత్‌రూమ్‌కు సున్నా – ఎపిసోడ్ పూర్తి పాఠం

 

నాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. ఉండేది షార్జాలో. పద్నాలుగేళ్ల నుంచి టైల్స్ పని, బాత్‌రూమ్ ఫిట్టింగ్ పని. ఈరోజు వీసాల గురించి చెప్పను, ఏజెంట్ల గురించి చెప్పను. ఇంటికాడ మన అమ్మానాన్నలు వాడే బాత్‌రూమ్ గురించి చెప్తాను. ఇదేం టాపిక్ అని నవ్వుకోకండి. నేను ఇది నేర్చుకున్నందుకు మా అవ్వ తుంటి ఎముక విరిగింది. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం.

పోయిన ఏడాది ఒక రోజు తెల్లవారుజామున, ఇక్కడ మూడున్నర, అక్కడ అయిదు గంటలు. ఫోన్ మోగింది. పక్కింటి తమ్ముడు. "అన్నా, పెద్దమ్మ బాత్‌రూముల పడ్డది. తలుపు వస్తలేదు" అన్నాడు. మా ఆవిడ పిల్లలను తీసుకుని పుట్టింటికి పోయింది. అవ్వ ఒక్కతే ఉంది. పడ్డది తలుపు వెనకాలే పడ్డది. తలుపు లోపలికి తెరుచుకునేది. గట్టిగా నెడితే ఆమెకే తగులుతుంది. లోపల గొళ్లెం. ఆమె లేవలేదు, వీళ్లు పోలేరు. చివరికి వెంటిలేటర్ పీకి, ఒక సన్నటి పిల్లగాణ్ణి లోపలికి దింపి గొళ్లెం తీయించారు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు నేను ఇక్కడ మంచం మీద కూర్చుని ఫోన్ పట్టుకుని ఉన్నాను. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆపరేషన్ చేసి తుంటి దగ్గర బంతి మార్చారు. అంతా కలిపి లక్షా ఎనభై అయిదు వేలు. అప్పు తెచ్చాను. అది వేరే కథ.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. ఆ బాత్‌రూములో నున్నటి, మెరిసే టైల్స్ ఎవరు వేయించారో తెలుసా? నేనే. ఇక్కడి నుంచి ఫోటో పంపి, "గిదే కావాలె, అద్దం లెక్క ఉండాలె" అని చెప్పింది నేనే. ఇల్లు కట్టినప్పుడు ముందర గేటుకు నలభై రెండు వేలు పెట్టాను, ఊళ్లో అందరూ చూడాలని. బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక రాడ్డు పెట్టించాలన్న ఆలోచన రాలేదు. నా పనేమో ఇక్కడ మాల్స్‌లో, ఆఫీసుల్లో ఆ రాడ్లు బిగించడమే. ఎన్ని వందలు బిగించానో లెక్క లేదు.

ఆపరేషన్ అయిన రెండో నెలలో ఇరవై అయిదు రోజుల సెలవు మీద ఇంటికి పోయాను. ఆ పని నా చేతులతో నేనే చేశాను. ఏం చేశానో వరసగా చెప్తాను. మీరు సెలవు మీద పోకపోయినా, ఫోన్ మీద చెప్పి చేయించవచ్చు.

మొదటిది తలుపు. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. జాగా లేకపోతే పక్కకు జరిపే తలుపు పెట్టించండి. గొళ్లెం కూడా, లోపల వేసుకున్నా బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీయగలిగే రకం దొరుకుతుంది. మా పాత తలుపు రెండడుగుల వెడల్పు, అందులో వాకర్ పట్టలేదు. చౌకట్ తీసేసి రెండున్నర అడుగులు చేసి పీవీసీ తలుపు పెట్టాను. మొత్తం పని చేయించే పైసలు లేకపోతే, కనీసం ఉన్న తలుపునే తిప్పి బిగించమని చెప్పండి. వడ్రంగికి ఒక పూట పని.

రెండోది నేల. టైల్ మీద నీళ్లు పోసి, వట్టి కాలితో రుద్ది చూస్తే తెలిసిపోతుంది జారుతుందో లేదో. పాత టైల్స్ గట్టిగా ఉంటే పగలగొట్టే అవసరం లేదు. కట్టెతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవి మాత్రం తీసి, మిగతా వాటి మీదనే టైల్ గమ్ముతో కొత్తవి అంటించవచ్చు. మ్యాట్ ఫినిష్, యాంటీ స్కిడ్ అని అడగండి. చిన్న సైజు టైల్స్ అయితే మంచిది, గీతలు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాలికి పట్టు దొరుకుతుంది. వాలు మాత్రం మర్చిపోవద్దు. అడుగుకు పావు అంగుళం చొప్పున నీళ్లు జాలి వైపు పోవాలి. నిలిచిన నీళ్లే పాచి పడతాయి. పాచి పడితే గరుకు షాబాద్ బండ కూడా జారుతుంది.

మా బాత్‌రూమ్ నేల వరండా కంటే మూడు అంగుళాలు లోతులో ఉండేది. రాత్రిపూట ముసలివాళ్లకు అది పెద్ద గుంత కిందే లెక్క. నేను కింద కాంక్రీటు నింపి, తేడా అర అంగుళానికి తెచ్చాను. నీళ్లు బయటికి రాకుండా వాలు లోపలికి ఇచ్చాను.

టైల్స్ మార్చే పైసలు లేనివాళ్లు బాధపడకండి. వెనక రబ్బరు ఉండి నేలకు గట్టిగా పట్టుకునే మ్యాటు, స్నానం చేసే చోట గరుకు టేపు, వారానికి ఒకసారి బ్రష్షుతో సబ్బు జిడ్డు వదిలేలా రుద్దడం. ఇంతవరకైనా చేయించండి. కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ కలిపి వేయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. రెండూ కలిస్తే విషపు గాలి వస్తుంది.

మూడోది రాడ్లు. ఇది నా పని, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. తువ్వాల ఆరేసుకునే రాడ్డు పట్టుకునే రాడ్డు కాదు. అది మనిషి బరువుకు ఊడిపోతుంది. పడేటప్పుడు చెయ్యి దాని మీదికే పోతుంది కాబట్టి అది ఇంకా ప్రమాదం. వాక్యూమ్‌తో గోడకు అంటుకునేవి కూడా నమ్మొద్దు. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, లావు ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళం, గోడకూ రాడ్డుకూ మధ్య ఒకటిన్నర అంగుళం సందు. చెయ్యి పట్టాలి గానీ మోచెయ్యి ఇరుక్కోవద్దు.

బిగించేది టైల్‌కు కాదు, గోడకు. ఇటుక గోడ గట్టిగా ఉంటే యాంకర్ బోల్టులు సరిపోతాయి. గోడ లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుకలైతే యాంకర్ పట్టదు. అప్పుడు గోడకు ఆర్‌పార్ రంధ్రం వేసి, బయటి వైపు ఇనుప ప్లేటు పెట్టి నట్టు బిగించాలి. బిగించాక మేస్త్రీనే ఆ రాడ్డు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడమనండి. వీడియో కాల్‌లో చూడండి. మొహమాటపడొద్దు. నేను ఇక్కడ సూపర్‌వైజర్ ముందు వేలాడుతూనే ఉంటాను.

ఎత్తు ఎంత అంటే, పుస్తకం లెక్క వేరు, మీ అమ్మ లెక్క వేరు. ఆమెను కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని చెప్పండి. చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ పెన్సిల్ గీత. మా అవ్వకు నేల నుంచి 27 అంగుళాల దగ్గర కుదిరింది. ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే దగ్గర, ఒకటి కుళాయి దగ్గర, ఒకటి తలుపు దగ్గర నిలువుగా. మొత్తం నాలుగు.

నాలుగోది సీటు. మోకాళ్లు పోయినవాళ్లకు ఇండియన్ సీటు మీద కూర్చోవడం కష్టం, లేవడం ఇంకా కష్టం. కమోడ్ కొనేటప్పుడు, కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేంత ఎత్తు చూసుకోవాలి. బేరం చేసేముందు పైపు గోడలోకి పోతుందా, నేలలోకి పోతుందా ప్లంబర్‌ను అడగండి. ఆ రకమే కొనాలి, లేకపోతే మళ్లీ తవ్వకం.

స్వచ్ఛ భారత్ కింద వచ్చిన 12 వేల రూపాయలతో కట్టుకున్న మరుగుదొడ్డి ఉన్నవాళ్లు ఒక మాట గుర్తు పెట్టుకోండి. అవి చాలావరకు చిన్న గది, రెండు ఇంకుడు గుంతలు, తక్కువ నీళ్లతో నడిచేవి. కమోడ్ పెట్టి ఫ్లష్ ట్యాంకు బిగిస్తే ప్రతిసారీ ఆరు లీటర్లో, అంతకంటే ఎక్కువో పోతాయి. గుంత తొందరగా నిండుతుంది. అలాంటి చోట పగలగొట్టకుండా, మధ్యలో రంధ్రం ఉండే కమోడ్ కుర్చీ తెచ్చి ఇండియన్ సీటు మీద పెట్టుకోవచ్చు. మా ఊళ్లోనే ఒకాయనకు రెండు వేల లోపు దొరికింది. కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉన్నాయా లేవా చూసుకోండి.

స్నానానికి కూడా కూర్చునే ఏర్పాటు చేయండి. వెడల్పు కాళ్ల స్టూలు, చేత్తో పట్టుకునే షవర్. షవర్ లేకపోతే బకెట్‌ను ఇంకో చిన్న పీట మీద పెడితే వంగే పని తప్పుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వేడి నీళ్లు పోసుకుని ఒక్కసారి లేస్తే కళ్లు తిరుగుతాయి. మెల్లగా లేవమని చెప్పండి.

అయిదోది కరెంటు, వెలుతురు. ఇది పడడం కంటే పెద్ద ప్రమాదం. గీజర్‌కు ఎర్తింగ్ ఉందా? 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉందా? ఈ రెండు ప్రశ్నలు అడగండి. షాక్ తగిలితే వెంటనే కరెంటును కొట్టేసేది అదే. బకెట్‌లో వేసే హీటర్ రాడ్డు ఉంటే, ప్లగ్గు పీకకుండా నీళ్లు ముట్టుకోవద్దని రోజూ చెప్పండి. గ్యాస్ గీజర్ అయితే బాత్‌రూమ్ లోపల అసలు వద్దు, బయట గోడకు పెట్టించండి. మూసిన గదిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి అలాగే పడిపోతాడు. లైటు స్విచ్చు బయట, తలుపు దాకా రాకముందే చేతికి అందేచోట ఉండాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా ఒక చిన్న ఎల్ఈడీ బల్బు వెలగనివ్వండి. ఇంకొకటి, తెల్ల నేల మీద తెల్ల కమోడ్ ఉంటే మసక కళ్లకు కనపడదు. నేను నేలకు బూడిద రంగు టైల్స్ వేశాను.

ఖర్చు చెప్తాను, రాసుకోండి. టైల్స్ 1,620. గమ్ము, సిమెంటు, గ్రౌట్ 1,400. కమోడ్ 5,200. రాడ్లు, బోల్టులు 3,400. తలుపు 4,800. ఆర్‌సీసీబీ, ఎర్తింగ్, లైట్ల సామాను 3,600. కుళాయి, చేతి షవర్ 1,500. స్టూలు 1,300. ప్లంబర్‌కు 2,500, కరెంటు పనికి 1,200. మొత్తం 26,520 రూపాయలు. నా కూలి ఇందులో లేదు, మేస్త్రీని పెడితే ఇంకో నాలుగైదు వేలు. మీ ఊళ్లో ధరలు అటూ ఇటూ ఉంటాయి. ఆపరేషన్ లెక్క పక్కన పెట్టి చూడండి. గేటు లెక్క పక్కన కూడా.

అన్నీ ఒకేసారి కాకపోతే, ఈ నెల రెండు రాడ్లు, రాత్రి లైటు, ఆర్‌సీసీబీ. వచ్చే నెల తలుపు. ఆ తర్వాత సీటు. నేల ఆఖరికి. అప్పటిదాకా మ్యాటు.

ఒక ముచ్చట చెప్పి ముగిస్తాను. పనంతా అయ్యాక అవ్వ గడప దగ్గర నిలబడి లోపలికి రాలేదు. "గిదేంది కొడుకా, దవాఖాన లెక్క జేసినవ్? ఊళ్లోళ్లు జూస్తే ముసల్ది మూలకు వడ్డదంటరు" అన్నది. ఏడుపు గొంతు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. డాక్టర్ చెప్పిండంటే వినే మనిషి కాదు. నేనే లోపలికి పోయి కమోడ్ మూత మీద కూర్చుని, రాడ్డు పట్టుకుని లేచాను. నటించలేదు. పద్నాలుగేళ్లు మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేసినవాణ్ణి, నాకు నిజంగానే ఏదైనా పట్టుకోకపోతే లేవడం కష్టం. నా మోకాళ్లు టకటకమన్నాయి. అవ్వ విన్నది. "నీకు గింత నొస్తదని ఎన్నడు జెప్పలే" అన్నది. "గిది నాకోసం గూడ అవ్వా. రేపు వాపస్ వచ్చినంక నేనే వాడాలె" అన్నాను. అప్పుడు లోపలికి వచ్చి, రాడ్డును చేత్తో తడిమి చూసింది.

ఆ మాట ఆమెను ఒప్పించడానికి అన్నది కాదు. మనం ఎవరం ఇక్కడ శాశ్వతంగా ఉండం. నడుములు, మోకాళ్లు ఇక్కడ ఇచ్చేసి, ఆ ఇంటికే పోతాం. ఇప్పుడు మనం పంపే పైసలతో కట్టేది మనం ముసలివాళ్లమయ్యే ఇల్లు.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, తిన్నారా, మందులు వేసుకున్నారా అని అడిగాక, కెమెరా ఒకసారి బాత్‌రూమ్ వైపు తిప్పమనండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి. పట్టుకోవడానికి ఏముందో చూడండి. వాళ్లంతట వాళ్లు అడగరు. మా అవ్వ కూడా పడకముందు రెండుసార్లు జారిందట. నేను పరేషాన్ అవుతానని చెప్పలేదు.

ఉంటాను. అందరూ పైలం.