బదరీవృక్షము క్రింద అప్పము, నీళ్లబుడ్డి

(రేడియోలో ప్రసారమైన వాక్యసందేశ పాఠము. ధ్యానభాగము: 1 రాజులు 19:1–8)

  మీ బైబిలులో మొదటి రాజుల గ్రంథము పందొమ్మిదవ అధ్యాయము తెరచి ఉంచుకోండి. ఒకవేళ మీరు ఏ ఆసుపత్రి వార్డులోనో, మంచము ప్రక్కన స్టూలు మీద కూర్చుని వింటున్నారా? బైబిలు దగ్గర లేకపోయినా ఫరవాలేదు, ఊరకనే వినండి. ఈ సందేశము ముఖ్యముగా మీ కొరకే.

క్యాన్సరు వచ్చినవారి కొరకు మనము చాలా ప్రసంగములు విన్నాము. వారి ప్రక్కన ఉన్నవారి కొరకు విన్నది తక్కువ. కీమోథెరపీ ఎక్కించుకొని ఇంటికి వచ్చిన భార్యకు, తల్లికి, అన్నకు, బిడ్డకు ఏమి చేయాలో తెలియక, వాకిట్లో నిలబడి చేతులు నలుపుకుంటున్నవారు ప్రతి సంఘములోనూ ఉన్నారు. వారికి దేవుని వాక్యములో ఒక చక్కని మాదిరి ఉన్నది.

ఏలీయా ప్రవక్త సంగతి మీకు తెలుసు. కర్మెలు పర్వతము మీద ఆకాశము నుండి అగ్నిని దింపిన దైవజనుడు. ఆ వెంటనే యెజెబెలు బెదిరింపు విని, బెయేర్షెబా వరకు పారిపోయి, అక్కడ తన దాసుని విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దిన ప్రయాణము పోయి, ఒక బదరీవృక్షము క్రింద కూలబడ్డాడు. ఇక చాలు ప్రభువా, నా ప్రాణము తీసికొనుము అని వేడుకొని, పడుకొని నిద్రపోయాడు. మూడవ డోసు ఎక్కించుకొని వచ్చిన రాత్రి మీ ఇంట్లో ఈ ప్రార్థన మీరు విని ఉంటారు. అది అవిశ్వాసము అని గద్దించవద్దు. ప్రవక్త చేసిన ప్రార్థనే అది.

ఇప్పుడు దేవుడు ఏమి చేశాడో గమనించండి. ఒక దూతను పంపాడు. పరలోకము నుండి వచ్చిన దూత, ఎంత గొప్ప ప్రసంగము చేయగలడు! కర్మెలును జ్ఞాపకము చేయవచ్చు. నీ విశ్వాసము ఏమైపోయిందయ్యా అని అడగవచ్చు. ఆయన అవేవీ చేయలేదు. ముట్టాడు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పము ఒకటి, నీళ్లబుడ్డి ఒకటి తల దగ్గర ఉన్నాయి. ఏలీయా తిని, త్రాగి, మళ్లీ పడుకున్నాడు. తిన్నావుగా, ఇక లే అని దూత తొందర చేయలేదు. పడుకోనిచ్చాడు. రెండవమారు వచ్చి, మళ్లీ ముట్టి, ప్రయాణము నీ శక్తికి మించినది గనుక తినుమన్నాడు. దేవుడు తన ప్రవక్తతో మాటలాడాలనుకున్నాడు, నిజమే. ఆ మెల్లని స్వరము హోరేబులో, నలువది దినముల తరువాత వినబడింది. బదరీవృక్షము క్రింద మాత్రము అప్పము, నీళ్లు, నిద్ర, ఒక చేతి స్పర్శ, అంతే.

ప్రియులారా, కీమో జరిగే ఇంట్లో మన పని ఆ దూత పనియే.

ఈ మందు శరీరములో ఏమి చేస్తుందో కొంచెము తెలుసుకుంటే మన ఓపిక పెరుగుతుంది. త్వరత్వరగా పెరిగే కణములను ఈ మందు పట్టి చంపుతుంది. క్యాన్సరు కణములు అటువంటివి. అయితే జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, కడుపు, ప్రేగుల లోపలి పొర, ఎముకల మూలుగలో తయారయ్యే రక్తకణములు కూడా త్వరగా పెరిగేవే. మందు పగవానితోపాటు పొరుగువానిని కూడా కొడుతుంది. అందుకే జుట్టు రాలడము, నోటిపూత, వాంతులు, విరేచనములు, నీరసము. ఇవి రోగము ముదిరిందనడానికి గుర్తులు కావు. దేవుడు విడిచిపెట్టాడనడానికి అసలే కావు.

ఈ మందులు మనకు పరాయివి అనుకోకండి. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందము తయారు చేసిన అమినాప్టెరిన్ అనే మందునే బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు వచ్చిన పసిబిడ్డలకు ఇచ్చాడు. వ్యాధి కొంతకాలమైనా వెనుకకు తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే కుటుంబపు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉన్నది. గోదావరి జిల్లా బిడ్డ మేధస్సు ఎందరో పసిపిల్లలకు ఆయుష్షు పోసింది. ఆ మేధస్సును ఇచ్చినవాడెవరు? హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన దేవుడు ఆలకించాడు. ఆలకించిన తరువాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. ప్రార్థన చేశాము గనుక మందు మానేయండి అని చెప్పే బోధకులు ఆ వచనము ఎందుకు దాటిపోతారో నాకు అర్థము కాదు.

అప్పము సంగతికి వద్దాము. కీమో తరువాత రుచి మారిపోతుంది. కొందరికి అన్నీ ఇనుము నాకినట్టుంటాయి. నిన్నటివరకు ఇష్టమైన కూర ఈ రోజు వాసనకే వికారము పుట్టిస్తుంది. మన వంటిండ్లలో తాలింపు వాసన వీధి చివరి వరకు వస్తుంది కదా, ఆ వాసన రోగి గదిలోనికి పోకుండా తలుపు వేయండి. వేడివేడిగా పెడితేనే ప్రేమ అనుకుంటాము గాని, చల్లారిన భోజనములో వాసన తక్కువ, అదే లోపలికి పోతుంది. మూడు పూటలు పళ్లెము నిండా పెట్టడము కంటే, రెండు గంటలకొకసారి నాలుగు ముద్దలు మేలు. రాగిజావ, పెసరపప్పు కట్టు, మెత్తని ఇడ్లీ, బాగా ఉడికిన గ్రుడ్డు. నోరు పూసినప్పుడు ఆవకాయ, గోంగూర, నిమ్మకాయ దూరము పెట్టండి. గోరువెచ్చని నీటిలో కొంచెము ఉప్పు, కొంచెము వంటసోడా కలిపి, మ్రింగకుండా రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలింపజేయండి. బ్రష్షు మెత్తనిది వాడండి. కోసి అమ్మే పండ్లు, బజారు చట్నీలు, కాచని పాలు వద్దు. ఒక ముఖ్యమైన మాట: వాంతి తగ్గడానికి డాక్టరుగారు వ్రాసిచ్చిన మాత్ర వాంతి అయిన తరువాత వేసేది కాదు, చెప్పిన వేళకు ముందుగానే వేయాలి. వాంతి మొదలైతే ఆపడము కష్టము. ఆ మాత్రలతో కొందరికి మలబద్ధకము వస్తుంది, అది సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పించండి.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. నలుబది యేండ్ల కాపురములో పొయ్యి దగ్గరికి వెళ్లని మనిషి. ఆమెకు ఆరు సైకిళ్లు కీమో వ్రాశారు. ఆయన కోడలిని అడిగి జావ కాయడము నేర్చుకున్నారు. మొదటిరోజు అడుగంటిందట. ఆమె రెండు చెంచాలు తాగి, బాగుందండి అన్నదట. నేను చూడడానికి వెళ్లినప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చి, అయ్యగారూ, ప్రార్థన కొంచెము పొట్టిగా చేయండి, ఆమెకు జావ వేళయింది అన్నారు. ఆ మాటకు నేను దేవుని స్తుతించాను. ఆ ఇంట్లో దూత ముందే వచ్చి ఉన్నాడు.

నీళ్లబుడ్డి కూడా మరువవద్దు. గ్లాసెడు ఒక్కసారి త్రాగలేరు, గుటక గుటకగా త్రాగించండి. కొన్ని మందులు ఎక్కించుకున్నవారికి చల్లని నీరు తగిలితే గొంతు, వ్రేళ్లు జివ్వుమంటాయి. అటువంటివారికి ఫ్రిజ్ నీళ్లు ఇవ్వకండి. కీమో అయిన రెండు దినములవరకు మందు మూత్రములోను వాంతిలోను బయటికి పోతూ ఉంటుంది గనుక శుభ్రము చేసేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి, గర్భిణులు ఆ పని చేయకూడదు. ఇది అసహ్యము వలన కాదు, జాగ్రత్త వలన.

ఇక నిద్ర. ఈ నీరసము పొలము పనిచేసి వచ్చిన అలసట వంటిది కాదు. పడుకుని లేచినా తీరదు. మాట మధ్యలో మరచిపోతారు. ఎప్పుడూ పడుకొనే ఉంటావేమిటి అని అనకండి. శక్తి ఉన్న పూట వాకిట్లో నాలుగు అడుగులు నడిపించండి, లేని పూట వదిలేయండి. అరికాళ్లు, వ్రేళ్లు తిమ్మిర్లు ఎక్కినవారికి వేడి గిన్నె తగిలినా తెలియదు. వారి చేత పొయ్యి మీది గిన్నె దింపించకండి.

ఇప్పుడు నేను చెప్పేది దయచేసి శ్రద్ధగా వినండి, పక్కవారిని కూడా పిలవండి. చాలా మందులతో, డోసు అయిన ఏడవ దినము నుండి పద్నాలుగవ దినము మధ్య రక్తములో తెల్లకణములు బాగా పడిపోతాయి. ఆ దినములలో చిన్న సూక్ష్మక్రిమి కూడా ప్రాణము మీదికి తెస్తుంది. ఇంట్లో ఒక థర్మామీటరు ఉంచండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా 38 డిగ్రీల సెల్సియస్ జ్వరము గాని, చలి వణుకు గాని వస్తే, అది అర్ధరాత్రి అయినా సరే, ఆదివారమైనా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. కీమో నడుస్తున్నదని గేటు దగ్గరే చెప్పండి. జ్వరము మాత్ర వేసి తెల్లవారేవరకు చూద్దామనుకోవద్దు. మాత్ర జ్వరమును దాచిపెడుతుంది గాని లోపలి ప్రమాదమును ఆపదు. మొదట ప్రార్థన బృందమును పిలుద్దాము, తరువాత చూద్దాము అనవద్దు. ఆటోలో ప్రార్థించండి. దేవుడు ఆటోలో చేసిన ప్రార్థన కూడా వింటాడు. ఆ కొన్ని గంటల ఆలస్యము వలన, రోగము లొంగుతున్న మనుషులను కూడా సంఘములు పోగొట్టుకున్నాయి.

సంఘపెద్దలకు కూడా ఒక మాట. ఆ దినములలో ఇరవైమంది కలిసి పరామర్శకు వెళ్లడము ప్రేమ కాదు. జలుబు, దగ్గు ఉన్నవారు వెళ్లకూడదు. చేతులు కడుక్కొని ఇద్దరు వెళ్లండి, పది నిమిషములు ఉండండి. ఉపవాసము మీరుండండి, రోగిని ఉండనివ్వకండి. బల్లలో అందరూ ఒకే పాత్రలో త్రాగే సంఘమైతే, ఆ సహోదరికి ప్రత్యేకముగా చిన్న గిన్నెలో ఇంటికే తీసుకొని వెళ్లండి. అక్కడ కూర్చుని, ఏ పాపము చేశావో పరీక్షించుకో అని ఆమెతో అనకండి. ఒక ఇంట్లో ఈ మాట అన్నవారున్నారు, ఆ తల్లి వారము రోజులు జావ ముట్టలేదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేల మీద కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చిక్కు వచ్చింది.

దూత ఏలీయాను ముట్టాడని రెండుసార్లు వ్రాయబడి ఉన్నది. అన్ని మందులతో కాకపోయినా, చాలా మందులతో రెండు మూడు వారములకు జుట్టు రాలిపోతుంది. దిండు మీద గుత్తులు గుత్తులుగా చూచినప్పుడు మన ఆడబిడ్డలు పడే వేదన మగవారికి చిన్నదిగా కనబడుతుంది. అది చిన్నది కాదు. చికిత్స ముగిసిన కొద్ది నెలలకు సాధారణముగా జుట్టు మళ్లీ వస్తుందని చెప్పండి, చెప్పి ఊరుకోక ఆ తల మీద చేయి వేయండి. మెత్తని నూలు గుడ్డ కట్టండి. మన తలవెంట్రుకలు లెక్కించినవాడు రాలినవాటిని కూడా లెక్కించాడు. ఆరాధనకు వస్తానంటే, కౌంటు బాగున్నదని డాక్టరు చెప్పిన వారములో, జనము తక్కువ ఉన్నచోట కూర్చోబెట్టండి. మన స్త్రీలు ముసుగు వేసుకుంటారు గనుక ఆమె వేరుగా కనబడదు.

మరి దూతకు అలసట లేదు, మీకున్నది. రాత్రులు మేలుకొని, పగలు పనికి పోయి, మీరు కూడా ఒక బదరీవృక్షము క్రింద ఉన్నారని నాకు తెలుసు. రోగి మీద విసుగు వచ్చినప్పుడు, విసుగు వచ్చిందని ప్రభువుతో చెప్పండి. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరొక ప్రక్క పట్టుకున్నారు. సంఘమా, ఆ పని నీది. ఆరోగ్యశ్రీ 2007లో ఆరంభమైన తరువాత పేదలకు చికిత్స ఖర్చు భారము చాలా తగ్గింది గాని, హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, వెల్లూరుకో మూడు వారములకొకసారి పోయి రావడానికి దారి ఖర్చులు, బస ఖర్చు, పోయిన కూలి డబ్బు ఆ కుటుంబమే భరిస్తుంది. కానుకల పెట్టెలో నుండి ఒక టికెట్టు కొనండి. యౌవనస్థులారా, ఒక రాత్రి మీరు మంచము ప్రక్కన కూర్చుని, ఆ భర్తను, ఆ కూతురిని ఇంటికి పంపి నిద్రపోనివ్వండి. పిల్లలకు బడికి క్యారేజీ కట్టండి.

ప్రార్థన చేసుకుందాము.

మా పరలోకపు తండ్రీ, రేపు తెల్లవారుజామున బస్సెక్కి ఆసుపత్రికి పోవుచున్నవారిని నీ చేతికి అప్పగించుచున్నాము. వారి నరములు దొరకక సూది పొడిచే నర్సులకు నిదానము దయచేయుము. ఈ రాత్రి ఏమియు తినలేక ప్రక్కకు తిరిగి పడుకున్న ఆ తల్లికి, ఆ బిడ్డకు, తెల్లవారేసరికి నాలుగు చెంచాల ఆకలి దయచేయుము. జావ కాచుచున్న చేతులను బలపరచుము. ఈ వారము జ్వరము చూచు ప్రతి ఇంటిలో ఆలస్యము చేయకుండు బుద్ధిని, ఆ వేళకు ఒక బండిని అనుగ్రహించుము. స్వస్థపరచుటకు శక్తిగల యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.