మనవాడు కటకటాల వెనక ఉంటే
(తొండియార్‌పేటలో జరిగిన వార్షికోత్సవ సభలో సహకార సంఘం కార్యదర్శి ప్రసంగం)



నూలు ధర గురించి, రిబేటు బాకీ గురించి ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి వేరే సంగతి చెప్తాను. చెయ్యని నేరానికి శిక్ష పడటం గురించి. నేను ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి. లాయర్ని కాను. సొసైటీ పని మీద కోర్టుల చుట్టూ తిరుగుతూ వకీళ్లను అడిగి తెలుసుకున్న నాలుగు ముక్కలు మీ ముందు పెడుతున్నాను.

మన ఉత్తర మద్రాసు సంగతితోనే మొదలుపెడతాను. 1944 దీపావళికి త్యాగరాజ భాగవతార్ గారి హరిదాస్ సినిమా వచ్చింది. ఇక్కడి బ్రాడ్వే టాకీసులో అది మూడు దీపావళులు చూసింది. జనం టికెట్ల కోసం తోసుకుంటుంటే, ఆ హీరో మాత్రం జైల్లో ఉన్నాడు. 1944 నవంబరులో వేపేరిలో లక్ష్మీకాంతన్ అనే పత్రికాయన్ను కత్తితో పొడిచారు. మర్నాడు ఆయన ఆస్పత్రిలో చనిపోయాడు. ఆ కేసులో భాగవతార్‌ను, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌ను పట్టుకెళ్లారు. 1945లో యావజ్జీవ శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు పోయింది. కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. వాళ్లు మళ్లీ వినమని తిప్పి పంపారు. చివరికి 1947 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులని వదిలేసింది. వాళ్ల తరఫున వాదించినాయన వి.ఎల్. ఎతిరాజ్ గారు. మన ఆడపిల్లలు చదువుకునే ఎతిరాజ్ కాలేజీ ఆయన పెట్టిందే.

కృష్ణన్ గారు మళ్లీ నిలదొక్కుకున్నారు. భాగవతార్ గారికి పాత రోజులు తిరిగి రాలేదు. 1959లో పోయారు. తీర్పు మారింది గానీ పోయిన కాలం తిరిగి రాలేదు.

వాళ్లకు డబ్బుంది, పేరుంది, లండన్ దాకా వెళ్లగలిగారు. లేనివాడి సంగతేమిటి? ఆంధ్రలో సత్యంబాబు కేసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థినిని ఘోరంగా చంపేశారు. 2008లో సత్యంబాబు అనే పేద దళిత కుర్రవాణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది, దర్యాప్తు చేసిన తీరును తప్పుపట్టింది, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లు దాటిన జైలుకు లక్ష రూపాయలు! ఏడాదికి పన్నెండు వేలు కూడా పడలేదు.

ఇక్కడ ఒక మాట గమనించండి. చనిపోయిన ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదు అని చెబుతూ వచ్చారు. 2018లో హైకోర్టు ఆ కేసును సీబీఐ చేతికిచ్చింది. అంటే తప్పు మనిషిని లోపల పెట్టినంత కాలం ఆ తల్లికి కూడా న్యాయం జరగలేదు. నిందితుడి తరఫు వకీలు అంటే దొంగల్ని కాపాడేవాడు అని మనలో ఒక మాట ఉంది. అది సరికాదు. సాక్ష్యాన్ని పోగు పోగునా పట్టి చూసేవాడు ఆయన. పడుగులో తెగిన పోగును అక్కడే ముడి వెయ్యకపోతే బట్ట పొడుగునా ఆ తప్పు నడుస్తుంది గదా. కేసు కూడా అంతే. మొదటి రోజు వదిలేసిన తప్పును హైకోర్టులో సరిచెయ్యడానికి ఏళ్లు పడతాయి.

అందుకని మనవాణ్ణెవరినైనా పోలీసులు తీసుకెళ్తే ఏం చెయ్యాలో చెప్తాను. గుర్తుపెట్టుకోండి.

మొదటిది, అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణం. అరెస్టు కాగితం మీద ఇంటివాళ్లో, వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు ఉంది.

రెండోది, పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి "ఒప్పేసుకో, పంపించేస్తారు" అని మన ఇంటివాళ్లే పిల్లవాడికి చెప్పకూడదు. తెల్లకాగితం మీద సంతకం అసలే వద్దు.

మూడోది, డబ్బు లేదని వకీలు లేకుండా ఉండకండి. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకూ, ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయం చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చెయ్యండి. హైకోర్టు ఆవరణలోనే లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉంది.

నాలుగోది, శిక్ష పడితే అంతా అయిపోయిందని ఏడుస్తూ కూర్చోవద్దు. సెషన్స్ కోర్టు జైలుశిక్ష వేస్తే హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లోపు వెయ్యాలి. పుళల్ జైల్లో ఉన్నవాడు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.

అయిదోది మన చేతిలోదే. ఆ రోజు ఆ వేళకు మనవాడు ఎక్కడున్నాడో చూపించే కాగితం వెతకండి. నూలు తీసుకున్న రిజిస్టరు, బట్ట అప్పగించిన పాస్‌బుక్కు, ఆస్పత్రి చీటీ, బస్సు టికెట్టు, ఏదైనా సరే. షాపుల కెమెరాల్లో బొమ్మలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. వెంటనే వకీలుతో రాయించి అడగాలి. అందుకే ప్రతి సంఘం కార్యదర్శికీ నా మనవి: రిజిస్టరులో తేదీ, వేళ, సంతకం తప్పకుండా రాయించండి. అది కూలి లెక్క మాత్రమే కాదు. ఒకరోజు ఒక కుర్రవాడి బతుకు దాని మీద నిలబడవచ్చు.

మన దేశంలో తప్పుడు శిక్షకు పరిహారం ఇవ్వాలని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. 2018లో లా కమిషను తన 277వ నివేదికలో అలాంటి చట్టం కావాలని చెప్పింది. అది వచ్చేదాకా మనకు మనమే అండ.

సమాఖ్యకు నా కోరిక రెండు ముక్కలు. నమ్మకమైన నలుగురు వకీళ్ల నెంబర్లు ప్రతి సంఘం గోడ మీద రాసి పెడదాం. ఎవరింట్లోనైనా ఈ కష్టం వస్తే, స్టేషనుకు తోడు వెళ్లడానికి వీధికి ఇద్దరిని ఏర్పాటు చేద్దాం. మనవాడు నిజంగా తప్పు చేసి ఉంటే కోర్టు శిక్షిస్తుంది, దానికి మనం అడ్డుపడం. కానీ కోర్టు తీర్పు రాకముందే ఆ ఇంటికి పిలుపులు మానెయ్యడం, ఆ పిల్ల సంబంధం చెడగొట్టడం మాత్రం మనం చెయ్యొద్దు. ఆ శిక్షకు అప్పీలు కూడా ఉండదు.