పేనుబంకపై కందిరీగ



పురుగును చంపుటకు పురుగునే పెంచవలెనన్న మీలో కొందరు నవ్వుదురు. ఐరోపా హరితగృహములలో దోస, కాప్సికం పండించువారు చేయుచున్నది ఇదియే. వారు కుండీలలో బార్లీ పెంచి, దానిపై ధాన్యపు పైరుల పేనుబంకను వదలుదురు. అఫిడియస్ కోలెమని అను కందిరీగ, 2 మిల్లీమీటర్ల ప్రాణి, ఆ పేనుబంకలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు లోపలినుండి తినివేయగా పేనుబంక ఉబ్బి, గోధుమరంగు తిరిగి బిగుసుకొనిపోవును. సుమారు 2 వారములలో ఆ డొల్లకు గుండ్రని రంధ్రము చేసికొని క్రొత్త కందిరీగ వెలువడి, దోసనాశ్రయించిన పత్తి పేనుబంకను వెదకికొనిపోవును.

బార్లీనే ఏల ఎన్నుకొనిరి? గడ్డిజాతిపై బ్రతుకు ఆ పేనుబంక దోసను గాని కాప్సికమును గాని ముట్టదు. కిటుకంతయు ఇందే యున్నది. ప్రక్కన వేరుసెనగ యున్నచోట ఇట్టి పనికి అలసందను ఎన్నుకొనుట ఇంటిదొంగను మేపుటయే. అలసంద పేనుబంక వేరుసెనగకును పట్టును.

ఈ కందిరీగ అన్నిజాతుల పేనుబంకలను చంపదు. బంగాళాదుంప పేనుబంకకు దీని జ్ఞాతియగు అఫిడియస్ ఎర్వి కావలెను. కనుక మీ పైరును పట్టునది ఏ జాతియో ముందు వ్యవసాయాధికారికి చూపి తెలిసికొనుడు. కుండీలను చీడ ముదిరిన పిమ్మట గాక, ముందే పెట్టవలెను. వానిపై పురుగుమందు పడనీయరాదు.