1,401 అంకెల చిక్కుముడి

కంప్యూటర్‌లో పాటైనా, సినిమా అయినా, ప్రోగ్రామైనా సున్నాలు, ఒకట్ల వరుసే. ఆ వరుసను కలిపి చదివితే ఒకే పెద్ద సంఖ్య. మరి సంఖ్యను నిషేధించగలమా?

డీవీడీల రక్షణను ఛేదించే డీసీఎస్‌ఎస్ అనే ప్రోగ్రామ్ 1999లో బయటికొచ్చింది. హాలీవుడ్ స్టూడియోలు కోర్టుకెక్కాయి. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం కింద 2000లో న్యూయార్క్ కోర్టు దాన్ని పంచిపెట్టొద్దని ప్రతివాదులను ఆదేశించింది.

మరుసటి ఏడాది ఫిల్ కార్మొడీ అనే వ్యక్తి ఒక అద్భుతం చేశాడు. ఆ ప్రోగ్రామ్ ఫైలును కుదించి, సంఖ్యగా మార్చి, ఫైలు చెడకుండా చివర్న కొంత చేర్చుతూ ప్రధాన సంఖ్య దొరికేదాకా వెతికాడు. 1,401 అంకెలది దొరికింది! దాన్ని తిరిగి ఫైలుగా మార్చి విప్పితే అదే ప్రోగ్రామ్. ప్రధాన సంఖ్యల్ని మనం సృష్టించం, కనుక్కుంటాం. అందుకే సంఖ్యను నిషేధించగలమా అనే ప్రశ్న నన్నింకా వదల్లేదు.

ఇక ఆ న్యూయార్క్ కేసులో అప్పీలు కోర్టు 2001లో, ప్రోగ్రామ్ రాత కూడా భావప్రకటనేనని ఒప్పుకుంది. కానీ అది పని కూడా చేస్తుంది కాబట్టి ఆంక్ష చెల్లుతుందంది. నాకైతే ఆ మొదటి మాటే విలువైనదనిపిస్తుంది. నార్వేలో మాత్రం, ఆ ప్రోగ్రామ్ తయారీలో పాలుపంచుకున్న యువకుడు యోన్ యోహాన్సన్ 2003లో నిర్దోషిగా బయటపడ్డాడు.