ఉన్నది ఉన్నట్టు వినిపించే హెడ్‌ఫోను

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు పది నిమిషాలిచ్చి, ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమన్నారు. హెడ్‌ఫోన్ల గురించి చెబుతానంటే కొందరు మిత్రులు నవ్వారు. ట్రంకు ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు చెవికి హెడ్‌సెట్ తగిలించుకున్నవాడు ఇంకేం మాట్లాడతాడని అనుకుని ఉంటారు. కాని నేను చెప్పబోయేది ఉద్యోగం ముచ్చట కాదు. రిటైరయ్యాక నేను చేసిన ఒక పొరపాటు.

మూడేళ్ళ క్రితం మా ఇంట్లో టీవీ గొడవ మొదలైంది. నేను సౌండు పెంచేవాణ్ణి, మా ఆవిడ తగ్గించేది. ఈ తగువు తీర్చడానికి మనవడు ఒక హెడ్‌ఫోను కొనితెచ్చాడు. పెట్టె మీద బాస్ ఎక్కువ అని గొప్పగా రాసి ఉంది. పెట్టుకుంటే గుండె అదిరేటంత మోత. వార్తలు చదివేవారి మాట మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. మాట తెలియక సౌండు పెంచాను. మోత పెరిగింది గాని మాట తెలియలేదు. నెల తిరిగేసరికి రాత్రిళ్ళు చెవిలో కీచుమని రొద. ఇక నాకు చెవుడు వచ్చేసిందని నిశ్చయించుకున్నాను. ఆ ఏడాది ఈ సమావేశానికి నేను రాకపోవడానికి కారణం మోకాళ్ళ నొప్పి అని కబురు పంపాను. అది అబద్ధం. నలుగురిలో కూర్చుని ప్రతి మాటకూ "ఆఁ?" అనడం నామోషీ అనిపించింది.

నా కళ్ళు తెరిపించింది ఒక పాత క్యాసెట్టు. 1983లో మా అమ్మాయి బారసాలనాడు మా అక్కయ్య పాడిన మంగళహారతి అందులో ఉంది. అక్కయ్య పోయి పదకొండేళ్ళయింది. మా అబ్బాయి దాన్ని ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ హెడ్‌ఫోనులో విని, "ఇది అక్కయ్య గొంతు కాదే" అన్నాను. మా ఆవిడ ఫోను స్పీకరులో విని, "అచ్చం వదినగారే, మీకేమైంది?" అంది. నేనూ ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. సన్నగా ఉన్నా అది అక్కయ్య గొంతే. అంటే లోపమంతా నా చెవిదే కాదు, ఆ హెడ్‌ఫోనుకూ అందులో వాటా ఉంది!

అప్పుడు పాత విద్య గుర్తు చేసుకున్నాను. ఆరోగ్యమైన పడుచు చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు మీద పడేకొద్దీ పై అంచు నుంచి తగ్గుతూ వస్తుంది. మన పాత టెలిఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. మాట తెలియడానికి అది చాలు. కాని స, శ వంటి హల్లుల బలం అంతకు పైన ఉంటుంది. అందుకే ట్రంకు లైనులో పేర్లు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పించుకునేవాళ్ళం. పై భాగం ఎలాగూ తగ్గిన మన చెవికి, కింది మోతను ఇంకా పెంచే హెడ్‌ఫోను తగిలిస్తే ఏమవుతుంది? ఆ మోత మిగిలిన హల్లులను కూడా కప్పేస్తుంది.

కాబట్టి మనకు కావలసింది న్యూట్రల్ అనే రకం. మంచి క్యాషియరు లాంటిదన్నమాట. వచ్చినంత లెక్కపెట్టి ఇస్తుంది, తన జేబులోంచి కలపదు, మన దాంట్లోంచి తీయదు. అలాగని గీత గీసినట్టు అన్ని స్థాయిలనూ సమానంగా పంపేది న్యూట్రల్ కాదు. మన చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని అది సహజంగానే పెంచుతుంది. హెడ్‌ఫోను ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి పెన్షనంతా పోయాలా అంటే అక్కరలేదు. 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో 283 హెడ్‌ఫోన్లను కొలిచిన పరిశోధన వచ్చింది. స్థాయిల సమతూకానికీ ధరకూ సంబంధం లేదని అందులో తేలింది. నేను తరవాత కొన్న తీగ ఉన్న హెడ్‌ఫోనుకు 1,700 రూపాయలయింది.

ఇక ఎంచుకునే పద్ధతి మనవి చేస్తాను.

మొదటిది, పెట్టె మీద 20-20,000 హెర్ట్జ్ అని ఉంటే మురిసిపోకండి. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నదే అది చెబుతుంది, మధ్యలో ఎంత ఎగుడుదిగుడో చెప్పదు.

రెండవది, మీకు బాగా తెలిసిన గొంతుతో పరీక్షించండి. ఘంటసాల, సుబ్బులక్ష్మి, ఎవరైనా సరే. మృదంగం ఎడమవైపు గుమికి గాత్రాన్ని మింగేస్తే అది పనికిరాదు. తంబురా శ్రుతి వెనకాల విడిగా తెలియాలి. స, శ చెవిలో సూదిలా గుచ్చుకోకూడదు, మొద్దుబారకూడదు. పాత రికార్డులో గరగర వినిపిస్తే కంగారుపడకండి. అది రికార్డులో ఉన్నదే.

మూడవది, పరీక్షించే ముందు ఫోనులో బాస్ పెంచే అమరికలన్నీ తీసేయండి. రెండింటిని పోల్చేటప్పుడు సౌండు సమానంగా పెట్టండి. కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం మానవ సహజం.

నాలుగవది, అమరిక. చెవిలో దూర్చుకునే రకమైతే రబ్బరు తొడుగు సరిగ్గా పట్టాలి. వదులైతే బాస్ మాయమై గొంతు పీలగా ఉంటుంది. దానితో వచ్చిన తొడుగులన్నీ మార్చి చూడండి. చెవిపై కప్పే రకంలో వెనక తెరిచి ఉన్నవీ, మూసి ఉన్నవీ ఉంటాయి. తెరిచి ఉన్నదైతే కుక్కరు కూత, వీధి తలుపు చప్పుడు వినబడతాయి. ఒంటరిగా ఉండేవారికి అది మేలు. కాని లోపలి శబ్దం పక్కవారికీ వినబడుతుంది.

ఐదవది, కొనేముందు మీ ఫోనుకు గుండ్రని రంధ్రం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే చిన్న కన్వర్టరు కావాలి. ఒక చెవి మందమైనవారు ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో పెట్టించుకోండి. రెండు వైపులకూ ఒకటే శబ్దం వస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం సౌండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10 గంటలే.

కొత్త హెడ్‌ఫోను పెట్టుకున్నాక మాట విచ్చుకుంది. సౌండు సగానికి దించాను. రొద తగ్గింది, పూర్తిగా పోలేదు. అయితే ఎడమవైపు స, శ అప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. ఇప్పుడు యంత్రం మీద నెపం పెట్టడానికి లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి వినికిడి పరీక్ష చేయించుకున్నాను. ఎడమ చెవిలో లోపం నిజమేనన్నారు. ఇదిగో, చూడండి, చెవి వెనక వినికిడి యంత్రం. ఈ ఉదయం నుంచి ఇక్కడ మాట్లాడినవారి మాటలన్నీ విన్నాను. ఒక్కసారి కూడా "ఆఁ?" అనలేదు.

కాబట్టి మిత్రులారా, మాట తెలియకపోతే సౌండు పెంచకండి, ఇంట్లో ముడుచుకు కూర్చోకండి. ముందు ఉన్నది ఉన్నట్టు వినిపించే సాధనంతో విని చూడండి. అప్పటికీ తెలియకపోతే చెవి చూపించుకోండి. చెవిలో రొద ఉంటే మాత్రం ఏ హెడ్‌ఫోను కోసమూ ఆగకుండా ముందే వెళ్ళండి.

అక్కయ్య హారతి మళ్ళీ విన్నాను. పాట అయ్యాక చిన్నగా దగ్గి, "బాగా వచ్చిందా?" అని ఎవరినో అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ వినబడలేదు.