పొగపొయ్యిలోని వేడి – రెండు కొలతలు

ఱంపపుపొట్టు గుళికలను మర విడతవిడతగా నిప్పులగిన్నెలోనికిఁ ద్రోయఁగా, ఆ పొగవేడిమిని మాంసమును పక్వము చేయు పొయ్యిలు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున 1980ల దశకమునఁ బుట్టినవి. పొయ్యిగోడనున్న ఉష్ణమాపకము 225 ఫారెన్‌హీటు డిగ్రీలు చూపుచుండఁగా, కమ్మీలపై నుంచిన వేఱొకటి 250 చూపును. ఏది బొంకు? రెండును నిజమే. మాపకము తానున్నచోటి వేడినే చెప్పఁగలదు: నిప్పులమీఁద హెచ్చు, చల్లని మాంసపు ప్రక్కఁ దక్కువ. గుళికలు విడతలుగాఁ బడుటచే వేడియు నెగసి తగ్గుచుండును. గడియసేపటి సగటే లెక్క. (శాకాహారి కీ చర్చ యేల యందురా? కొలత యందఱిదియు!) మాపకమునే శంకించినచో మరుగునీట ముంచుఁడు, సముద్రతీరమున 212 చూపవలెను, ఎత్తైన యూళ్లలోఁ గొంత తగ్గును. అయినను కోడిమాంసము విషయమున గోడయంకె చాలదు; లోని సూక్ష్మక్రిములు నశించుటకు, దళసరిచోట నెముక తాఁకకుండ గ్రుచ్చిన సూది 165 చూపునందాఁక వడ్డింపరాదు.