ఖాళీ గడిలో అంచనా రాస్తే ఏమవుతుంది? చమురు, గ్యాస్ కంపెనీల్లో డేటా క్లీనింగ్ కథ

ఒక్కసారి మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ తీసి చూడండి. "గ్యాస్ అన్న", "గ్యాస్ డెలివరీ", "గ్యాస్ కొత్త నంబర్" అని మూడు ఉంటాయి. మనిషి ఒక్కడే. అందులో రెండు నంబర్లు పనిచేయవు. మనకేం పోయింది? అవతల "రాంగ్ నంబర్" అంటారు, పెట్టేస్తాం. కానీ అదే గ్యాస్‌ను భూమి కింద పైపుల్లో పంపే కంపెనీ దగ్గర రికార్డు తప్పుగా ఉంటే, అది "రాంగ్ నంబర్" అని చెప్పదు. ఏళ్ల తరబడి నోరు మూసుకుని కూర్చుంటుంది. ఈరోజు మన టాపిక్ అదే. చమురు, గ్యాస్ వ్యాపారంలో డేటా క్లీనింగ్.

ముందు చిన్న ఉదాహరణ చూద్దాం. చమురు బావి తవ్వేటప్పుడు లోపలికి పరికరాలు దించి రాతి పొరల్ని కొలుస్తారు. ఆ కొలతల్ని ఎల్ఏఎస్ అనే రకం ఫైల్‌లో దాస్తారు. ఎక్కడైనా కొలత దొరక్కపోతే అక్కడ సాధారణంగా -999.25 అని పెడతారు. అది కొలత కాదు, "ఇక్కడ ఏమీ లేదు" అనే గుర్తు. ఇది తెలియని కుర్రాడు 80, 75, -999.25, 85 ఈ నాలుగింటికీ సగటు తీశాడనుకోండి, దాదాపు -190 వస్తుంది. ఆ గుర్తును పక్కన పెట్టి తీస్తే 80. రాయి అదే, బావి అదే, జవాబు మాత్రం ఎక్కడికో పోయింది.

ఇలాంటి తప్పు ఒక రకంగా నయం, చూడగానే దొరికిపోతుంది. అసలు భయం నిజంలా కనిపించే తప్పుతోనే. దానికి జరిగిన కథే చెబుతాను.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన శాన్ బ్రూనో అని ఒక ఊరుంది. 2010 సెప్టెంబర్ 9 సాయంత్రం అక్కడ ఇళ్ల మధ్య భూమిలో ఉన్న 30 అంగుళాల గ్యాస్ పైపు పేలింది. 8 మంది చనిపోయారు. 38 ఇళ్లు కాలిపోయాయి. గ్యాస్‌ను ఆపడానికే 95 నిమిషాలు పట్టింది.

ఆ పైపు పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీది, 1956లో వేసింది. కంపెనీ కంప్యూటర్ రికార్డులో ఏముందంటే, ఆ ముక్క "సీమ్‌లెస్" పైపు అని. అంటే పొడవునా అతుకు లేని పైపు అని అర్థం. కానీ ప్రమాదం తర్వాత అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలింది వేరు. అది వెల్డింగ్ అతుకు ఉన్న పైపు. పైగా ఆ వెల్డింగ్ కూడా సరిగా లోపలిదాకా దిగలేదు. ఇంకో విషయం వినండి. ఆ కాలంలో అమెరికాలో 30 అంగుళాల సీమ్‌లెస్ పైపును ప్రమాణాల ప్రకారం తయారుచేసే కంపెనీయే లేదు! ఆ రంగం తెలిసిన మనిషి ఎవరైనా ఆ గడి చూసి "ఇదెలా సాధ్యం?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే తప్పు బయటపడేది.

ఒక గడిలో తప్పుంటే పైపు ఎందుకు పేలుతుంది అంటారా? కంపెనీ ఏ పైపును ఎలా తనిఖీ చేయాలో ఆ రికార్డు చూసే నిర్ణయిస్తుంది. అతుకే లేదని రాసుంటే అతుకు గురించి ఎవరు ఆలోచిస్తారు? అందుకే బయటి తుప్పును పట్టే పరీక్షను ఎంచుకున్నారు. ఆ పరీక్షకు వెల్డింగ్ లోపం కనిపించదు. పైగా, ఆ డేటాబేస్‌లో చాలా చోట్ల సమాచారం అంచనాగా రాసిందో, తప్పో, అసలు లేనిదో అని బోర్డు తేల్చింది.

ఇక డబ్బు సంగతి. 2015లో కాలిఫోర్నియా నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి 160 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2016లో ఫెడరల్ కోర్టులో జ్యూరీ దోషి అని తేల్చింది. పైపుల గురించి తన దగ్గరున్న సమాచారాన్ని సేకరించి ఒకచోట కలిపి చూడకపోవడం కూడా ఆ నేరాల్లో ఒకటి! అంటే డేటాను పట్టించుకోకపోవడం క్రిమినల్ కేసు అయింది. ప్రమాదం తర్వాత పాత కాగితాల పెట్టెలన్నీ ఒక పెద్ద హాలుకు తెచ్చి, మనుషుల్ని కూర్చోబెట్టి ఒక్కో కాగితం వెతికించారు. ముందే చేయాల్సిన క్లీనింగ్, 8 ప్రాణాలు పోయాక చేశారు.

ఇందులో మనకున్న పాఠం ఒక్కటే. ఖాళీ గడి నిజాయితీగా ఉంటుంది, "నాకు తెలియదు, వెళ్లి చూడండి" అంటుంది. అంచనాతో నింపిన గడి అబద్ధమాడుతుంది, అదీ ధీమాగా. చాలామంది డేటా క్లీనింగ్ అంటే ఖాళీలు నింపి టేబుల్‌ను నీటుగా చూపించడం అనుకుంటారు. కాదు. రాసింది, భూమిలో ఉన్నది ఒకటేనా అని చూడటమే క్లీనింగ్.

మీలో డేటా కోర్సులు చేస్తున్నవాళ్లు, ఉద్యోగంలో చేరినవాళ్లు ఉంటారు. ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఖాళీలో సున్నా పెట్టకండి. సున్నా కూడా ఒక కొలతే. అంచనా రాయక తప్పకపోతే, అది అంచనా అని పక్కనే రాయండి. రెండు, అసలు ఫైల్‌ను ముట్టుకోకండి, కాపీ మీదే పనిచేయండి. మూడు, ప్రతి అంకె పక్కన అది అడుగులా మీటర్లా, ఎక్కడి నుంచి వచ్చింది అనేది ఉండాలి. నాలుగు, విచిత్రమైన అంకె కనిపిస్తే వెంటనే డిలీట్ కొట్టకండి. అది సెన్సర్ తప్పు కావచ్చు, నిజంగా లీకేజీ కావచ్చు. ఫీల్డ్‌లో ఉన్న ఆపరేటర్‌కు ఫోన్ చేసి అడగండి. ఆయనకు పైథాన్ రాకపోవచ్చు, ఆ వాల్వ్ ఎప్పుడు మార్చారో మాత్రం తెలుసు.

మన కోనసీమలోనూ కొబ్బరి తోటల కింద గ్యాస్ పైపులు ఉన్నాయి. రేపు ఏ ఆఫీసులోనో ఏసీ గదిలో మీరు ఒక ఎక్సెల్ షీట్ తెరుస్తారు. అందులో ఒక్కో వరుస ఎవరో ఒకరి ఇంటి పక్క నుంచి వెళ్లే పైపు కావచ్చు. తెలియకపోతే తెలియదనే రాయండి.

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. మీ పనిలో ఇలాంటి వింత డేటా ఎదురైతే కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!